రేడియో ఏరియల్‌కు తొడిగిన గాజులు

అమ్మ మాట్లాడటం మానేసింది ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం డాక్టరు గారి గదిలోని గోడ గడియారం. నేను కూర్చున్న బల్ల మీద నుంచి చూడటానికి అది తప్ప ఇంకేమీ లేదు. తేదీ మాత్రం వేయను. పెద్దయ్యాక రోజూ డైరీ రాసే అలవాటు చేసుకున్నాను. తేదీల విషయంలో ఇంట్లోవాళ్ళు విసుక్కునేంత పట్టింపు నాది. అయితే ఆ వేసవిలో నాకు పదేళ్ళు, డైరీ లేదు. అప్పుడు రాసుకోని తేదీని ఇప్పుడు ఊహించి వేస్తే కాగితం మీద అబద్ధం చెప్పినట్టే.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. పోయిన గురువారం జూబ్లీహిల్స్‌లోని మా ఆఫీసులో అలవాట్ల గురించి ఒక శిక్షణ తరగతి పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చిన యువకుడు మర్యాదస్థుడు, బాగా తయారై వచ్చాడు. "మేడమ్, కొత్త హ్యాబిట్ నిలబడాలంటే విల్‌పవర్ ఒక్కటే చాలదు. మీకంటూ ఒక సింబల్ పెట్టుకోండి. ఉంగరం కావచ్చు, రిస్ట్ బ్యాండ్ కావచ్చు. అది మీకు అర్థమైతే చాలు, ఇంకెవరికీ అర్థం కానక్కర్లేదు" అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేనూ పెన్ను తీశాను గానీ ఆ చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంకెవరికీ అర్థం కాకపోతే ఏ ఇబ్బందీ లేదు. వేరే విధంగా అర్థమైతే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను.

అప్పటి ఫిల్మ్ నగర్‌ను ఇప్పటివాళ్ళ కళ్ళకు కట్టించడం కష్టం. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి సామాను దించుకుంటున్న కాలం అది. ఎటు చూసినా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు. వాటిని పేల్చే ముందు విజిల్ ఊదేవారు. విజిల్ వినపడగానే అన్నం గిన్నెల మీద మూతలు వేయడం నా పని. ఆ తరువాత కాళ్ళ కింద నేల అదిరేది, మందు వాసన వచ్చేది, వెనకాలే సన్నటి తెల్ల దుమ్ము దిగేది. ఎంత మూసినా పెరుగన్నంలో పంటికింద కరకరమనేది.

మేము అద్దెకున్నది షేక్‌పేట వైపు దిగే వాలులో, రెండు గదుల రేకుల ఇంట్లో. ఇంటి యజమానురాలు అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆమెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమె పొయ్యి మీద సర్వపిండి కాలుతుంటే నువ్వులూ పల్లీలూ వెల్లుల్లీ కలిసిన వాసన గోడ దాటి మా గదిలోకి వచ్చేది. నేను వాసన వెంట వెళ్ళేదాన్ని. "వచ్చినవా? కుక్క ముక్కే పోరీ నీది" అంటూ ఒక ముక్క విరిచి ఇచ్చేది.

నాన్న సినిమాల్లో ఫైటర్. హీరో కొట్టగానే అద్దాల్లోంచి, మేడల మీద నుంచి, జీపుల్లోంచి పడే మనుషుల్లో ఒకరు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ నొప్పుల మందు వాసన వేసేది. షూటింగు నుంచి వచ్చిన రోజున దాని మీద ప్రొడక్షన్ భోజనంలోని సాంబారు వాసన కూడా. "ఇవాళ ఎన్నిసార్లు చచ్చారు నాన్నా?" అని అడగడం మా ఇంట్లో సరదా. "రెండే. మూడోది వెలుతురు చాలక రేపటికి వాయిదా వేశారు" అనేవారు ఆయన, మోచేతికి కట్టు విప్పుకుంటూ.

అమ్మది గొంతు పని. తెలుగు రాని కథానాయికల పెదవులకు తెలుగు మాట ఆమె అందించేది. రెండు మూడు సార్లు నన్నూ డబ్బింగ్ థియేటరుకు తీసుకెళ్ళింది. చీకటి గది, ఎదురుగా తెర. అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరిగేది, అమ్మ మైకు ముందు నిలబడి తెర మీది పెదవులకు మాట కలిపేది. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళందరూ ముందుగా చేసే పని ఒకటుంది. గాజులు తీసేయడం. మట్టిగాజులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. బాగా కుదిరిన రికార్డింగు టేకు దానితో పాడైపోతుంది. అందుకే అమ్మ సులువుగా జారేలా ఒక సైజు పెద్ద గాజులు వేసుకునేది. అవి చేతి నుంచి జారిన క్షణం నుంచి ఆమె వేరే మనిషి. దగ్గు రాదు, తుమ్ము రాదు, పక్కనున్న నాకు ఊపిరి కూడా వినపడేది కాదు. తెర మీద తన వంతు వచ్చినప్పుడు మాత్రమే గొంతు తెరుచుకునేది.

ఆ వేసవిలో ఒక పెద్ద సినిమాలో కథానాయికకు అమ్మ డబ్బింగ్ చెబుతోంది. సగం రీళ్ళు అయ్యేసరికి గొంతు చీలింది. పై స్థాయికి వెళ్ళగానే మాట మధ్యలో తెగి, గాలి మాత్రమే వచ్చేది. డాక్టరు గారు చూసి, స్వరతంత్రుల మీద బొడిపెలు లేచాయన్నారు.

"ఒక్క మాట కూడా వద్దమ్మా. గుసగుస అసలే వద్దు, మామూలు మాట కన్నా దానికే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. నెల తరువాత చూస్తాను. తగ్గకపోతే కోయాలి. కోశాక ఈ గొంతే తిరిగి వస్తుందని నేను రాసివ్వలేను."

"సరేనండీ" అంది అమ్మ.

డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. "అదిగో, అదే వద్దన్నది."

గడియారం చూశాను. పదకొండు ఇరవై.

సినిమావాళ్ళు నెల ఆగడానికి ఒప్పుకున్నారు. ఆ మర్నాడే నాన్న కొండల్లో ఎక్కడో ఉన్న అవుట్‌డోరు షూటింగుకు బయలుదేరారు. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, "అమ్మకు నువ్వే గొంతు. జాగ్రత్త" అన్నారు.

మౌనం మొదలుపెట్టడం తేలిక. నిలబెట్టడం అమ్మ చేత కాలేదు. పాలవాడు పిలిస్తే "వస్తున్నా" అనేది. మూకుడు చెయ్యి కాలిస్తే "అబ్బా" అనేది. నేను రాళ్ళ మీదికెక్కితే పూర్తి గొంతుతో నా పేరు పెట్టి అరిచేది. ఆపైన నోటిమీద చెయ్యి పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. లవంగం బుగ్గన పెట్టుకుంది. లవంగం నములుతూ మాట్లాడింది. మూతికి రుమాలు కట్టుకుంది. రుమాలు కిందికి లాగి మాట్లాడింది. ఆ మొదటి వారంలో నాకు తెలిసిన భయం ఒక్కటే: అమ్మ నోట జారే ప్రతి మాటా ఆ బొడిపెలను కాస్త పెంచుతుందని. రాత్రి ఆమె నిద్రలో ఏమైనా గొణుగుతుందేమోనని ముఖం దగ్గర చెవి పెట్టి పడుకునేదాన్ని.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, పిండి కలపడానికి అమ్మ గాజులు తీసి పక్కన పెట్టింది. అప్పుడే గుమ్మంలోకి ఎవరో వచ్చి చిరునామా అడిగారు. అమ్మ బదులు చెప్పలేదు. చెప్పబోయి ఆపుకోవడం కాదు. ఆమెకు మాట రానేలేదు. తన మణికట్టు వైపు చాలాసేపు చూసుకుంది. తరువాత చేతులు కడుక్కుని, ఆ గాజులన్నిటినీ ట్రాన్సిస్టర్ రేడియో ఏరియల్‌ను పైకి లాగి దానికి తొడిగింది. ఎర్రవి, ఆకుపచ్చవి. నా వైపు తిరిగి, మైకు ఉన్నట్టు గాలిలో చూపించి, పెదవుల మీద వేలు పెట్టింది. నాకు అర్థమైంది. గాజులు ఏరియల్‌కు ఉన్నంతసేపూ మా ఇల్లు డబ్బింగ్ థియేటరు.

అవి ఏరియల్‌కు ఉన్నంతవరకూ ఆమె నోట మాట జారలేదు.

తరువాతి రోజులు నా జీవితంలో హోదా ఉన్న రోజులు. అమ్మ చెంచాతో పళ్ళెం మీద ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు. మిగతాదంతా నేను చెప్పాలి. కూరలమ్మితో బేరం నేనే చేశాను. పెద్దమ్మ సర్వపిండి పట్టుకొచ్చి "మీ అమ్మకు రుచించిందా?" అని అడిగితే, "చాలా బాగుందట, ఇంకో రెండు ఇమ్మంటోంది" అన్నాను. వెనక నుంచి పళ్ళెం రెండుసార్లు గట్టిగా మోగింది. పెద్దమ్మ పగలబడి నవ్వింది. "మీ అమ్మ గొంతు మంచిగనే ఉన్నది గని నీ కడుపుకే ఏదో రోగమొచ్చింది."

కానీ పెద్దమ్మకు ఆ ఏరియల్ నచ్చలేదు. వచ్చిన ప్రతిసారీ దాని వైపు చూసేది.

"మొగడు ఊర్ల లేని టైముల చేతులు బోడిగ పెట్టుకుంటరా బిడ్డా? అందుల ఆయన చేసేది పడుడు పని. ఒక్క జతన్న ఏసుకో."

ఆమె మాట తీసేయలేక అమ్మ ఒకపూట ఒక జత వేసుకుని చూసింది. గంట గడవకముందే గ్యాసు బండ తెచ్చినవాడితో "అక్కడ పెట్టు నాయనా" అనేసింది. జత తీసి మళ్ళీ ఏరియల్‌కు తొడిగింది. సగం గుర్తు పనిచేయదని నాకూ అప్పుడే తెలిసింది. అమ్మ నెమ్మదిగా తల అడ్డంగా ఊపితే పెద్దమ్మ, "ఏమో మరి. నీ గొంతు, నీ మొగడు" అని వెళ్ళిపోయింది.

నాన్న దగ్గర నుంచి వారానికొక కార్డు రావాలి. రెండో వారం రాలేదు. మూడో వారమూ రాలేదు. అమ్మ పోస్టుమాన్ సైకిలు చప్పుడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడేది. అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతే లోపలికి వచ్చి, అప్పటికే తుడిచిన గచ్చును మళ్ళీ తుడిచేది. అడగడానికి ఆమెకు గొంతు లేదు, నాకు ధైర్యం లేదు.

నాలుగో వారం గురువారం ఉదయం అమ్మ తలంటుకుని, నీలగిరి ఆకులు మరిగించి, తల మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతోంది. నేను బయట రాళ్ళ మీద ఉన్నాను. వాలు ఎక్కి వస్తూ ఒక ముసలామె కనిపించింది, చంకలో సంచీ, చేతిలో జాడీ. నాయనమ్మ. గోదావరి పక్క ఊళ్ళో ఉంటుంది. ముందుగా ఉత్తరం రాయకుండా ఆవిడ ఎప్పుడూ రాలేదు.

"అమ్మా, నాయనమ్మ వచ్చింది!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తాను. అమ్మ దుప్పటి తోసేసి ఉన్నపళాన గుమ్మంలోకి వచ్చింది. తరువాత జరిగినదానికి కారణం నేను ఎన్నోసార్లు ఆలోచించాను. అది ఆ గుమ్మంలో నాయనమ్మకు కనిపించిన బొమ్మ. విరబోసుకున్న తడి జుట్టు. ఆవిరికి ఎర్రబడ్డ కళ్ళు, కారుతున్న నీళ్ళు. చెమటకు చెరిగిపోయిన బొట్టు. జాకెట్టులోకి దోపుకున్న మంగళసూత్రాలు. రెండు బోడి చేతులు.

నాయనమ్మ చేతిలోని జాడీ రాయి మీద పడి పగిలింది. మాగాయ, నూనె, ఆవపిండి ఘాటు.

"అయ్యో నా తండ్రీ! నా బంగారు తండ్రీ! నేను అడగకముందే చూపించేశావేమే!" అంటూ ఆవిడ అక్కడే కూలబడింది.

ఆవిడ ఒక ప్రశ్న అడగడానికి వచ్చింది. నాన్న పనిచేస్తున్న షూటింగులో ఎవరో ఫైటర్ కొండ మీద నుంచి పడ్డాడని వాళ్ళ ఊళ్ళో ఎవరో అన్నారట. ఆ ప్రశ్నకు కోడలి చేతులే జవాబు చెప్పాయనుకుంది. అమ్మకు ఇదేమీ తెలియదు. చెప్పకుండా దిగిన అత్తగారు కొడుకు కోసం గుండెలు బాదుకుంటుంటే, ఆవిడే కబురు మోసుకొచ్చిందని అమ్మ అనుకుంది.

నేను అమ్మ ముఖం చూస్తున్నాను. నోరు తెరుచుకుంది. మెడ నరాలు లేచాయి. ఆ అరుపు బయటికి వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రాకపోతే ఏమవుతుందో తెలియదు. అమ్మ కుడి చెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. నోరు మూసుకుంది. గోడకు ఆనుకుని జారి కూర్చుంది, రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. వీపు అదురుతోంది. చప్పుడు లేదు.

పెద్దమ్మ చేతికి పిండితో పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఏందమ్మా గా ఒర్లుడు?"

"నా కొడుకు పోయాడమ్మా!"

"ఎవరు జెప్పిన్రు?"

"చెప్పేదేంటి? దాని చేతులు చూడండి, దాని మొహం చూడండి!"

పెద్దమ్మ అమ్మ భుజం పట్టి కుదిపింది. "నీకెవరు జెప్పిన్రు బిడ్డా?"

అమ్మ తల ఎత్తకుండానే వేలితో నాయనమ్మను చూపించింది.

పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏందీ! ఆమె నిన్ను జూసి ఏడ్వవట్టె, నువ్వు ఆమెను జూసి కూలవడితివి. ఇద్దరు గల్సి మంచిగున్న పిలగాన్ని సంపుతున్నరా?" ఆపైన నా వైపు తిరిగింది. "నువ్వేం జూస్తున్నవే పోరీ? తిండికైతే మస్తు మాట్లాడ్తవ్. చెప్పు ఆమెకు!"

డాక్టరు, బొడిపెలు, మైకు, ఏరియల్, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. నాయనమ్మ ఏడుపు ఆపి విన్నది. అమ్మ తల ఎత్తింది. ఇద్దరి ముఖాల్లోకీ ఒక్క క్షణం ప్రాణం వచ్చింది. వెంటనే నాయనమ్మ, "మరి కొండ మీద నుంచి పడ్డది ఎవరు?" అంది. కార్డులు రాని వారాలు అప్పుడు నాకు గుర్తొచ్చాయి. అమ్మకు నేను గుర్తు చేయనక్కర్లేదు.

జూబ్లీహిల్స్‌లో నాన్న పనిచేస్తున్న సినిమావాళ్ళ ఆఫీసు ఉంది, అక్కడికి వెళితే ఫోను చేసి కనుక్కోవచ్చు. పెద్దమ్మ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. అమ్మ జుట్టు ముడి వేసుకుని, బొట్టు పెట్టుకుని చెప్పులు తొడుక్కుంది. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముందు ఆ గాజులు వేసుకో."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"వాడెలా ఉన్నాడో తెలియదే. ఇప్పుడు బోడి చేతులతో గడప దాటతావా? వేసుకోవే. నీకు దండం పెడతాను."

అమ్మ చేతులు జోడించింది. కదలలేదు. నాయనమ్మ ఏరియల్ నుంచి గాజులు లాగి, అమ్మ చెయ్యి పట్టుకుని బలవంతాన ఎక్కించబోయింది. అమ్మ పిడికిలి బిగించింది. ఎప్పుడూ అత్తగారి ఎదుట తల ఎత్తని మనిషి, పెదవి కొరుక్కుని పిడికిలి బిగించి నిలబడింది. ఆ పెనుగులాటలో ఒక గాజు చిట్లింది. ఎర్రది. ముగ్గురం కింద పడ్డ ముక్కల వైపు చూశాం. నాయనమ్మ చెయ్యి వదిలేసింది. అమ్మ మిగతా గాజులు తీసుకుని తిరిగి ఏరియల్‌కు తొడిగింది.

"నీ గొంతు కోసం నా కొడుకుని..." అని, వాక్యం పూర్తి చేయలేక చెంగుతో నోరు మూసుకుంది.

ఎందుకు వేసుకోలేదో నాకు తెలుసు. ఆ గాజులు చేతికి ఎక్కితే ఆమె అరుపు ఇక ఆగదు. నాయనమ్మకు అది చెప్పవలసింది నేనే. కానీ ఆ ముక్కలు చూశాక నాకూ మాట రాలేదు. ఆ కాసేపు మా ఇంట్లో మాట్లాడగలిగిన మనిషి లేకుండా పోయింది.

ఎండలో నలుగురం వాలు ఎక్కాం. రాళ్ళ బస్తీ దాటగానే ఎత్తైన ప్రహరీలు, వాటి మీద కాగితపు పూల తీగలు. ఒక బంగళాలో షూటింగు జరుగుతోంది; పెద్ద దీపాల వేడికి కాలిన దుమ్ము వాసన రోడ్డు మీదికి వస్తోంది. లోపల ఎవరో "సైలెన్స్!" అని అరిచారు. అమ్మ ఒక్కతే అప్పటికే అంతకన్నా నిశ్శబ్దంగా నడుస్తోంది.

ఆఫీసులో మేనేజరు అమ్మను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "చెప్పండమ్మా."

"మా అమ్మ మాట్లాడదండీ. నేను మాట్లాడతాను" అన్నాను. కొండ మీద నుంచి పడ్డది మా నాన్నేనా అని అడగాలి. పెద్దమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. అడిగాను.

అతనికి ప్రమాదం సంగతి తెలుసు. మనిషి ఎవరో తెలియదు. "ఎవరో కుర్రాడికి బాగానే దెబ్బ తగిలిందన్నారమ్మా, పేరు కనుక్కోలేదు. అక్కడ ఫోను లేదు. దిగువ ఊళ్ళో లాడ్జికి ట్రంకు కాల్ బుక్ చేస్తాను" అన్నాడు. పోర్టికో మెట్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. ఆఫీసు వంటవాడు పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి తెచ్చిపెట్టాడు. ఎవరూ ముట్టలేదు. నాకు ఆకలిగా ఉంది, ఆకలి వేసినందుకు సిగ్గుగా ఉంది. నాయనమ్మ ఒక మెట్టు మీద, అమ్మ ఇంకో మెట్టు మీద, మధ్య మెట్టు మీద నేను. లోపల ఫోను మోగిన ప్రతిసారీ అమ్మ నా చెయ్యి నొక్కేది. అది మా గురించి కాదని తెలిశాక వదిలేది.

నీడలు గేటు దాకా సాగాక మేనేజరు బయటికి వచ్చాడు. నవ్వుతున్నాడో లేదో ఎదురు వెలుతురులో కనపడలేదు.

"పడ్డది ఆయన కాదమ్మా. పడ్డవాణ్ణి ఆస్పత్రిలో చేర్పించి, రెండు వారాలుగా పక్కన కూర్చుని చూసుకుంటున్నది ఆయన. ఎల్లుండి వస్తున్నారు."

నాయనమ్మ మెట్టు మీదే మోకరిల్లి ఎవరెవరికో దండాలు పెట్టుకుంది. పెద్దమ్మ ముక్కు చీదుకుని, "నేనప్పుడే జెప్పిన గద, పిలగాడు మంచిగున్నడని" అంది. అమ్మ కళ్ళు మూసుకుని స్తంభానికి తల ఆనించింది. నాయనమ్మ లేచి ఆమె ఎదుట నిలబడింది.

"బతికున్నాడు. ఇప్పుడైనా ఒక్క మాట అనవే. 'అత్తయ్యా' అను చాలు."

అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మాట రాలేదు.

నాయనమ్మ చేతులు విడిపించుకుంది. "నీ గుండె ఎలాంటిదో నాకు తెలియలేదమ్మా" అంది. అప్పటిదాకా అమ్మను ఆవిడ 'ఏమే' అనే పిలిచేది. ఆ సాయంత్రం నుంచి 'అమ్మా' అనడం మొదలుపెట్టింది. అందులో ఉన్నది గౌరవం కాదని పదేళ్ళ పిల్లకు కూడా తెలిసింది.

శనివారం మధ్యాహ్నం నాన్న వచ్చారు, గడ్డం పెరిగి, ఆస్పత్రి వాసనతో. అమ్మ అన్నం వడ్డించింది. నాయనమ్మ జరిగినదంతా చెప్పింది, ఏదీ కలపలేదు, ఏదీ దాచలేదు. చివరికి, "కట్టుకున్నవాడు పోయాడనుకుంది రా. కిక్కురుమనలేదు" అంది.

నాన్న నవ్వబోయారు. "చచ్చిపోవడం నాకు అలవాటేగా అమ్మా." ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది. అన్నం కలుపుతూ, పళ్ళెం లోకే చూస్తూ అమ్మను అడిగారు. "నిజంగానే పోయాననుకున్నావా?"

చెంచా ఒకసారి మోగింది.

"ఒక్క అరుపైనా రాలేదా?"

చెంచా మోగలేదు. ఔను, కాదు రెండూ సరిపోని ప్రశ్న అది. అమ్మ చెంచా కింద పెట్టి లేచింది. డాక్టరు గారు చెప్పిన నెల ఇంకా నిండలేదు. ఆమె రేడియో దగ్గరికి వెళ్ళి, ఏరియల్ నుంచి గాజులు తీసి ఒక్కొక్కటే వేసుకుంది. వద్దని చెప్పాలనుకున్నాను, కానీ ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. రెండు చేతులకూ గాజులు నిండాక వచ్చి నాన్న ఎదురుగా కూర్చుంది.

"అరిచానండీ. బయటికి రానివ్వలేదంతే."

వారాలుగా వాడని గొంతు. బరువుగా, కాస్త బొంగురుగా, నేను ఎన్నడూ వినని అడుగు నుంచి వచ్చింది. కానీ చీలలేదు. నాన్న చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. నాయనమ్మ గోడ వైపు తిరిగింది. అమ్మ లేచి గాజులు తీసి మళ్ళీ ఏరియల్‌కు తొడిగింది. ఆ తరువాత డాక్టరు గారు అనుమతించేదాకా మాట్లాడలేదు.

నాన్న నిజంగానే పోయింది ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, ఇంట్లో, మంచం మీద. ఆ రోజు అమ్మ చేతుల నిండా గాజులు ఉన్నాయి. ఎలుగెత్తి ఏడ్చింది, వీధి చివరిదాకా వినపడేలా. పదో రోజున వాటిని తీయించడానికి వచ్చిన పెద్దవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. "ఈ వయసులో ఈవిడకు గాజుల మీద మోజేంటి?" అన్నారు కొందరు. అవి ఉంటేనే ఆమెకు గొంతు తెరుచుకుంటుందని చెప్పాను. అర్థమైనట్టు తలలు ఊపారు గానీ అర్థం కాలేదు.

ఆ వేసవి లెక్క ఇది. పోయినవి: ఆ సినిమా. నెల గడిచాక గొంతు కిందికి దిగిందని మొత్తం రీళ్ళు వేరొకరితో చెప్పించారు. అమ్మ పై స్థాయి. బొడిపెలు కత్తి అవసరం లేకుండానే తగ్గాయి గానీ ఆమె మరెప్పుడూ కథానాయికలకు చెప్పలేదు. ఒక ఎర్రగాజు. నాయనమ్మ నోట 'ఏమే' అన్న పిలుపు. ఆవిడ కన్నుమూసేదాకా అది తిరిగి రాలేదు.

మిగిలినవి: వదినలకు, వకీళ్ళకు, అత్తలకు సరిపోయే ఒక బరువైన గొంతు, దానితో చాలా ఏళ్ళ పని. మాట తూలబోయే ముందు అమ్మ కుడి చెయ్యి ఎడమ మణికట్టు మీదికి వెళ్ళే అలవాటు. అది ఇవాళ పొద్దున కూడా చూశాను. నాన్న, ఆయన ఉన్నన్నాళ్ళూ.